స్కాట్లాండ్ కొండసీమ ఎలా ఖాళీ అయింది?

1746లో కల్లోడెన్ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వ సేన చేతిలో ఓడాకే హైలాండ్స్, అంటే ఉత్తర స్కాట్లాండ్ కొండసీమ జనం ఊళ్లు విడిచి వలసపోయారని చాలామంది చెబుతారు. అందులో నిజం కొంతే. ఆ ఓటమి తర్వాతి చట్టాలు తెగనాయకుల న్యాయాధికారాన్ని, సైనిక బలాన్ని తీసేశాయి. ఇక వాళ్ల హోదా నిలబడాలంటే భూమి మీద వచ్చే కౌలు డబ్బే దిక్కు. కౌలు పెరగ్గానే ముందు కదిలింది మధ్యతరగతి. నాయకుడి దగ్గర పెద్ద కమతం తీసుకుని చిన్న రైతులకు పంచే కౌలుదారులు, తమ కింది కుటుంబాలను వెంటబెట్టుకుని నార్త్ కరోలినాకు, నోవా స్కోషియాకు ఓడలెక్కారు.

ఆ తర్వాత చెవియట్ అనే జాతి గొర్రెలు వచ్చాయి. వేసవిలో అవి కొండల మీద మేస్తాయి. చలికాలంలో మాత్రం లోయ అడుగున గడ్డి లేకపోతే బతకవు. రైతుల పొలాలు, ఇళ్లు ఉన్నది సరిగ్గా అక్కడే. అందుకే ఉత్తరాన ఉన్న సదర్లాండ్ ఎస్టేట్ అనే పెద్ద జమీందారీ లోయలకు లోయలే ఖాళీ చేయించింది. ముందు కోర్టు నోటీసు, తర్వాత మే నెల గడువు. చెట్లు అరుదైన ఆ నేలలో ఇంటి మొత్తంలో విలువైనవి కప్పు దూలాలే. అవి ఉంటే మరోచోట ఇల్లు లేపుకోవచ్చు, లేదా అదే ఇంటికి తిరిగి రావచ్చు. తిరిగి రాకుండా దూలాలను పీకి తగలబెట్టిన సందర్భాలున్నాయి. 1814లో అక్కడి స్ట్రాత్‌నేవర్ లోయలో జరిగిన ఘటనలపై ఎస్టేట్ ఉద్యోగి పాట్రిక్ సెల్లర్ మీద కేసు నడిచింది. 1816లో జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది.

వెళ్లగొట్టినవాళ్లను చాలావరకు సముద్రపు ఒడ్డున చిన్న చిన్న నేల చెక్కల్లో దించారు. ఆ చెక్క మీద ఇల్లు గడవకూడదు, భూస్వాముల లెక్క అదే. గడిస్తే సముద్రపు నాచు పనికి ఎవరు వస్తారు? సబ్బు, గాజు తయారీకి కావలసిన క్షారం కోసం నాచును కోసి, ఆరబెట్టి, రాళ్లు పేర్చిన గుంటల్లో కాల్చేవారు. ఒక టన్ను బూడిదకు సుమారు 20 టన్నుల పచ్చి నాచు కావాలి. మోకాలి లోతు చన్నీళ్లలో నిలబడి కోయాలి. పైగా పని వేసవిలో, అంటే పొలం పనుల రోజుల్లోనే. పొలానికి ఎరువు కావలసిన నాచంతా మంటల్లోకి పోయేది. నెపోలియన్ యుద్ధకాలంలో టన్ను ధర 20 పౌండ్ల దాకా పలికితే, లాభంలో సింహభాగం భూస్వామిదే.

ఆ రోజుల్లో వలస అంటేనే భూస్వాములకు గుండెల్లో రాయి పడేది. 1803 ప్రయాణికుల ఓడల చట్టం కోసం వాళ్లు గట్టిగా పట్టుబట్టారు. ఓడల్లో చోటు, తిండి, వైద్యుడు ఉండాలన్న నిబంధనలు మంచివే, కానీ వాటివల్ల టికెట్టు పేదవాడికి అందనంత పెరిగింది. యుద్ధం ముగిశాక విదేశీ క్షారం చౌకగా దిగడంతో నాచు ధర కూలింది. నిన్నటిదాకా కావలసిన చేతులు రాత్రికి రాత్రి ‘అదనపు జనాభా’ అయ్యాయి. ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే క్రూరమైన మలుపు ఇదేనని చెప్పాలి.

ఆ చిన్న చెక్క మీద కడుపు నింపగలిగింది బంగాళాదుంప ఒక్కటే. 1846లో దానికీ తెగులు సోకింది. ఇప్పుడు భూస్వాములే ఓడ ఖర్చులు పెట్టుకున్నారు. పశ్చిమ తీరానికి ఆవల ఉన్న సౌత్ యూయిస్ట్, బారా దీవుల నుంచి వాటి యజమాని జాన్ గోర్డన్ 1851లో వందల కుటుంబాలను కెనడాకు పంపేశాడు. 1852లో మొదలైన వలస సహాయ సంఘం దాదాపు 5,000 మందిని ఆస్ట్రేలియాకు తరలించింది. దాన్ని ముందుండి నడిపిన చార్లెస్ ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు.

సంఖ్యలో ఎక్కువ వలసపోయింది నిజానికి లోలాండ్స్, అంటే దక్షిణాన ఉన్న పల్లపు ప్రాంతం వాళ్లే. పొలాల ఏకీకరణతో చిన్న కమతాలు, కూలీల పెరటి చెక్కలు పోయి, వాళ్లు గ్లాస్గో మిల్లులకు, అక్కడినుంచి ఓడరేవులకు చేరారు. 1801లో సుమారు 77,000 ఉన్న గ్లాస్గో జనాభా 1901కల్లా ఏడున్నర లక్షలు దాటింది.

1882లో హైలాండ్స్‌లోని స్కై దీవి రైతులు తమ మేత భూమి కోసం పోలీసులతో తలపడ్డారు. విచారణకు వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు లార్డ్ నేపియర్, 1866–72 మధ్య మద్రాసు గవర్నరుగా చేసినవాడు. దాని తర్వాత వచ్చిన 1886 చట్టం కౌలు భద్రత, న్యాయమైన కౌలు, వారసత్వ హక్కు ఇచ్చింది. అంతకుముందు లాక్కున్న లోయలను మాత్రం తిరిగి ఇవ్వలేదు, చెక్క కూడా లేని కూలీలకు దక్కిందేమీ లేదు. వలసా ఆగలేదు. 1923 ఏప్రిల్‌లో లూయిస్ దీవిలోని స్టోర్నోవే నుంచి ‘మెటగామా’ ఓడ సుమారు 300 మందితో కెనడాకు బయలుదేరింది. అందులో అత్యధికులు యువకులే.