మొదటి అధికరణకూ పదిహేడో అధికరణకూ మధ్య

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

ఫ్రెంచి విప్లవానికి కారణాలు రాయమంటే మీరు రూసో, మాంటెస్క్యూ అనే ఆలోచనాపరుల పేర్లు రాసి మార్కులు తెచ్చుకుంటారు. పేర్లు సరైనవే. కానీ పుస్తకం మూసి నేరుగా పారిస్‌లోని రాజు చెరసాల బాస్టిల్ కోట మీదికి పోయినవాళ్ళు లేరు. 1788లో పంట దెబ్బతింది. 1789 వేసవి నాటికి పారిస్‌లో నాలుగు పౌండ్ల రొట్టె ధర పద్నాలుగున్నర సూలు (సూ అప్పటి ఫ్రెంచి నాణెం). కూలివాడి రోజు సంపాదన 20–30 సూలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి సాయం చేసి రాజు అప్పటికే అప్పుల్లో కూరుకుపోయాడు.

ఆకలి అల్లర్లు ఫ్రాన్స్‌కు కొత్త కాదు. ధాన్యం వస్తేనో, సైన్యం దిగితేనో చల్లారిపోయేవి. ఈసారి 'నీకీ అధికారం ఎవరిచ్చారు?' అన్న ప్రశ్న ఆకలికి తోడైంది. అది వందేళ్ళుగా పదునెక్కుతూ వచ్చిన ప్రశ్న. రాజు దేవుడి ప్రతినిధి అన్న మాటను 1689లో ఇంగ్లండులో జాన్ లాక్ తర్కంతో ఖండించాడు. పాలనకు జనం సమ్మతే ఆధారమనీ, ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ఆస్తినీ కాపాడని పాలకుల నుంచి అధికారం వెనక్కి తీసుకోవచ్చనీ వాదించాడు. 1776లో అమెరికన్లు ఆ వాదం మీదే తమ స్వాతంత్ర్య ప్రకటన రాసుకున్నారు. 1789లో, ఆ అమెరికా యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెట్ ఫ్రాన్స్‌కు హక్కుల ముసాయిదా తయారుచేస్తూ, అమెరికా ప్రకటన రాసి, అప్పుడు పారిస్‌లో ఆ దేశ రాయబారిగా ఉన్న జెఫర్సన్‌కే చూపించి సలహా తీసుకున్నాడు.

ఆ ఏడాది ఆగస్టు 26న వెలువడిన హక్కుల ప్రకటనలో ఉన్నవి 17 అధికరణలే. ఒక్కసారి కూర్చుని చదివేయొచ్చు, తప్పకుండా చదవండి. చదివేటప్పుడు మూడు సంగతులు చూడండి: 'మనుషులు' అన్నచోట నిజంగా ఎవరున్నారు, హక్కును ఎవరైనా లాక్కుంటే అడ్డుపడేదెవరు, రెండు హక్కులు ఢీకొంటే ఏది నెగ్గుతుంది.

మొదటిది తేలిగ్గానే తేలుతుంది. మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టే, పాతికేళ్ళు నిండిన మగవాళ్ళకే ఓటు. ఇళ్ళలో పనిచేసే నౌకర్లకు లేదు, స్త్రీలకు అసలే లేదు. వధ్యశిల ఎక్కే హక్కు స్త్రీకి ఉన్నప్పుడు వేదిక ఎక్కే హక్కూ ఉండాలని 1791లో ఒలాంప్ ద గూజ్ అనే రచయిత్రి రాసింది. 1793 నవంబరులో ఆమెను తల నరికే యంత్రం గిలటిన్‌కు పంపారు.

రెండోదానికి ప్రకటనలో జవాబే లేదు. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి అని తొమ్మిదో అధికరణ చెబుతుంది. అయినా 1794 జూన్ 10న విప్లవ సభే చేసిన చట్టం నిందితుడికి న్యాయవాది లేకుండా చేసింది. ఆ తర్వాతి ఏడు వారాల్లో ఒక్క పారిస్‌లోనే 1,300 మందికి పైగా తలలు తెగాయి. ఆ చట్టాన్ని కొట్టేయగల స్వతంత్ర న్యాయస్థానం ఏదీ లేదు. చట్టం చేసేవాళ్ళు, పాలించేవాళ్ళు, తీర్పు చెప్పేవాళ్ళు వేరువేరుగా ఉండాలనే అధికార విభజన గురించి మాంటెస్క్యూ 1748లోనే ఎందుకంత గట్టిగా చెప్పాడో ఇక్కడ తెలుస్తుంది.

మూడోదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. మనుషులు స్వేచ్ఛగా, సమాన హక్కులతో పుడతారని మొదటి అధికరణ. ఆస్తి పవిత్రమని, పరిహారం ముందుగా చెల్లించకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని పదిహేడోది. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ వలస సెయింట్ డొమింగ్‌లో చెరకు, కాఫీ తోటల్లో సుమారు 5 లక్షల మంది బానిసలుండేవారు. మరి వాళ్ళు మనుషులా, ఆస్తా? తోటల యజమానులు బానిసల్ని జనాభాలో కలిపి, ఆ లెక్కన ఫ్రాన్స్ జాతీయ సభలో తమకు ఎక్కువ సీట్లు కావాలని 1789 జులైలో అడిగారు. వాళ్ళు మనుషులైతే విడిపించండి, కాదంటే మేమూ మా సీట్ల కోసం గుర్రాల్నీ కంచరగాడిదల్నీ లెక్కపెట్టలేదే అని సభ్యుడు మిరాబో సభలోనే నిలదీశాడు. యజమానులకు ఆరు సీట్లు దక్కాయి, బానిసత్వం మాత్రం అలాగే ఉండిపోయింది.

1791 ఆగస్టులో బానిసలే తిరగబడ్డారు. రెండున్నరేళ్ళ పోరాటం తర్వాత, 1794 ఫిబ్రవరి తొలినాళ్ళలో, ఒకప్పుడు బానిసగా బతికిన జాన్ బాప్టిస్ట్ బెలే ఆ వలస ప్రతినిధిగా పారిస్ సభలో కూర్చున్నాడు. ఫిబ్రవరి 4న సభ ఫ్రెంచి వలసలన్నిటిలో బానిసత్వాన్ని రద్దు చేసింది. మొదటి అధికరణ నెగ్గింది అనుకునేలోపే, నెపోలియన్ సెయింట్ డొమింగ్‌కు సైన్యాన్ని పంపి, 1802లో ఆ రద్దును వెనక్కి తిప్పాడు. ఆ సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న సెయింట్ డొమింగ్ హైతీ అన్న పేరుతో స్వతంత్ర దేశమైంది.

పదిహేడో అధికరణలోని పరిహారం మాట అక్కడితో పోలేదు. 1825లో ఫ్రాన్స్ రాజు యుద్ధనౌకలు పంపి, హైతీని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలన్నాడు. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. ఆ సొమ్ము పాత తోటల యజమానులకు పోయింది. కట్టడానికి హైతీ అప్పులు చేసింది, ఆ అప్పులు ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా వెంటాడాయి.

ప్రేమతో,
మీ తాతయ్య