ఆగిపోయిన ఒక గ్రాంటు, దాని వెనుక నూట యాభై ఏళ్ల చరిత్ర

నల్లజాతి మహిళల చిన్న వ్యాపారాలకు 20,000 డాలర్ల చొప్పున గ్రాంటు ఇచ్చే ఒక పథకాన్ని అమెరికాలోని అట్లాంటాకు చెందిన ఫియర్‌లెస్ ఫండ్ అనే పెట్టుబడి సంస్థ 2024 సెప్టెంబరులో మూసేసింది. ఒకే జాతి వారికి డబ్బు ఇవ్వడం వివక్ష అంటూ అంతకుముందు ఏడాది దానిపై కేసు పడింది. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మాటగా గ్రాంటును నిలిపివేసింది. చివరకు రాజీ కుదిరి, పథకం ముగిసింది.

కేసు వేసినవారు ఆధారం చేసుకున్నది 1866 నాటి పౌర హక్కుల చట్టాన్ని. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన మనుషులకు తెల్లవారితో సమానంగా ఒప్పందాలు చేసుకునే హక్కు ఉండాలని తెచ్చిన చట్టం అది. ఎవరి కోసం పుట్టిందో వారి వారసులకు అందే సాయాన్నే అది ఆపిందన్న సంగతి నన్ను చాలా కలచివేసింది.

అమెరికాలోని ఎన్నో నగరాల్లో నల్లజాతి వ్యాపారులకు లెక్కలు రాయడం నేర్పుతూ, పిల్లలకు పని చూపిస్తూ, జీతం లేకుండా పనిచేసే సంఘాలున్నాయి. అవి ఎందుకు పుట్టాయో తెలియకపోతే, ‘ఒక్క జాతికే ఎందుకు?’ అన్న ప్రశ్న న్యాయమైనదిగానే వినిపిస్తుంది.

విముక్తులైన వారి పొదుపు కోసం 1865లో అమెరికా కాంగ్రెస్ ఫ్రీడ్‌మెన్స్ బ్యాంకును ఏర్పాటు చేసింది. అది ప్రైవేటు సంస్థే అయినా, వెనుక ప్రభుత్వం ఉందని జనం నమ్మారు. కూలి డబ్బు, సైనికుల జీతం అందులో దాచుకున్నారు. 1870లో నిబంధనలు సడలించాక ఆ సొమ్ము తెల్లవారి వ్యాపారాలకు, భూముల బేరాలకు అప్పులుగా వెళ్లింది. చివరి నెలల్లో బ్యాంకుకు అధ్యక్షుడైన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ తన సొంత 10,000 డాలర్లు కూడా పెట్టి చూశారు. 1874లో బ్యాంకు మూతపడింది. 61,144 మంది ఖాతాదారులకు రావలసిన దాదాపు 30 లక్షల డాలర్లు చిక్కుకుపోయాయి. కొందరికి కొంత దక్కింది, చాలామందికి ఏమీ రాలేదు. మన డబ్బు మన చేతుల్లోనే తిరగాలన్న పట్టుదలకు ఇలాంటి దెబ్బలే మూలం.

ఆ పట్టుదలకు రూపమిచ్చిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు మ్యాగీ లీనా వాకర్. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో బట్టలుతికి బతికిన తల్లికి పుట్టిన ఆమె, సెయింట్ లూక్ అనే పరస్పర సహాయ సంఘానికి నాయకురాలై 1903లో ఒక బ్యాంకు తెరిచారు. పేరులోనే పెన్నీ (ఒక సెంటు నాణెం) ఉన్న ఆ బ్యాంకు పిల్లల చిల్లరను కూడా ఖాతాలో రాసుకుంది. సంఘం 1905లో తెరిచిన దుకాణం మాత్రం తెల్ల వ్యాపారుల వ్యతిరేకత మధ్య ఆరేళ్లకు మూతపడింది.

అయితే నేటి స్వచ్ఛంద సంఘాలకు అసలు పూర్వరూపం నాకు డెట్రాయిట్‌లో కనిపిస్తుంది. 1910లో ఆ నగరంలో నల్లజాతి వారు ఆరు వేలకు లోపే. కార్ల ఫ్యాక్టరీల్లో పని కోసం దక్షిణాది నుంచి వచ్చినవారితో 1930 నాటికి ఆ సంఖ్య 1,20,000 దాటింది. అప్పుడే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. పనిలోకి చివర తీసుకున్నవారినే ముందు ఇంటికి పంపారు. తమ పేటల్లోని దుకాణాల్లో రోజూ సరుకులు కొంటున్నా, అక్కడ తమ పిల్లలకు గుమాస్తా పని దొరికేది కాదు.

1930 జూన్ 10న నల్లజాతి వారి బెతెల్ ఏఎంఈ చర్చి పాదిరి భార్య ఫానీ పెక్ పిలుపుతో 50 మంది మహిళలు సమావేశమై హౌస్‌వైవ్స్ లీగ్‌ను, అంటే గృహిణుల సంఘాన్ని, స్థాపించారు. చేరడానికి కావలసింది ఒక్క ప్రతిజ్ఞే: నల్లజాతి వ్యాపారుల దగ్గర కొంటాం, నల్లజాతి వారు తయారుచేసిన వస్తువులు వాడతాం, మన వైద్యుల దగ్గరికి, మన వకీళ్ల దగ్గరికే వెళతాం. ఇంటి ఖర్చులో 85 శాతం ఆడవారి చేతుల మీదుగానే సాగుతుందని లీగ్ చెప్పేది. ఆ డబ్బును ఒకచోట కూడగట్టి ఖర్చుపెడితే యువతకు మూసి ఉన్న తలుపులు తెరుచుకుంటాయన్నది వారి లెక్క. వ్యాపారికి అండ, పిల్లలకు ఉపాధి వారి దృష్టిలో వేర్వేరు పనులు కావు. దుకాణం నిలిస్తేనే గల్లాపెట్టె దగ్గర కూర్చునే పిల్లవాడు ఉంటాడు.

అదే ఏడాది ఆమె భర్త విలియం పెక్ వ్యాపారుల కోసం బుకర్ టి. వాషింగ్టన్ ట్రేడ్ అసోసియేషన్ పెట్టారు. కొనేవారు ఒకవైపు, అమ్మేవారు మరోవైపు కట్టుగా నిలిచారు. లీగ్ సభ్యులు వీధివీధీ తిరిగి, దుకాణదారులతో మాట్లాడి, తమ పిల్లలను పనిలో పెట్టుకోమని అడిగారు. ఇంటి పని ముగించుకుని, జీతం లేకుండా చేసిన పని ఇది. నాలుగేళ్లలో సభ్యులు 10,000కు చేరారు. 1933లో జాతీయ లీగ్ ఏర్పడితే దానికీ ఫానీ పెక్కే అధ్యక్షురాలు.

మిగతా నగరాల్లో పోరాటం వీధికెక్కింది. ‘పని ఇవ్వని చోట కొనవద్దు’ అన్న నినాదంతో దుకాణాల ముందు పికెటింగులు సాగాయి. రాజధాని వాషింగ్టన్‌లో న్యూ నీగ్రో అలయెన్స్ ఒక కిరాణా కంపెనీ ముందు చేసిన పికెటింగు కోర్టుకెక్కింది. 1938లో సుప్రీంకోర్టు అలా నిలబడే హక్కు వారికి ఉందని తేల్చింది. జాతి కారణంగా ఉద్యోగం రాకపోవడాన్ని ఆనాటి కోర్టు కార్మిక వివాదంగానే చూసింది. ఈ తీర్పునూ, 2024లో ఫియర్‌లెస్ ఫండ్ గ్రాంటును ఆపిన తీర్పునూ పక్కపక్కన పెట్టి చదవాలి.

డెట్రాయిట్ లీగ్ నిలబెట్టిన దుకాణాలకు నెలవు బ్లాక్ బాటమ్, ప్యారడైజ్ వ్యాలీ పేటలు. వాటి నడిమి బాట హేస్టింగ్స్ వీధి. నగర పునర్నిర్మాణం పేరుతో 1950లలో, 60ల మొదట్లో ఆ పేటలను కూల్చి క్రైస్లర్ ఫ్రీవే అనే పెద్ద రహదారి వేశారు. అద్దె దుకాణాల వ్యాపారులు మళ్లీ మొదటికి వచ్చారు. హేస్టింగ్స్ వీధి చాలావరకు ఆ ఫ్రీవే కింద కలిసిపోయింది. లీగ్ కాగితాలు మాత్రం డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలోని బర్టన్ చరిత్ర భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.