రొయ్యలు మానేసినా ముద్ద దిగకపోతే: ఆహార అలర్జీపై అపోహలు - వాస్తవాలు

అపోహ: దద్దుర్లు, దురద లేకపోతే అలర్జీ లేనట్టే.

వాస్తవం: విశాఖపట్నంలో జీర్ణకోశ వైద్యుడిగా నేను తరచూ వినే మాట ఇది. పడని ఆహారం వల్ల కొందరిలో చర్మం మీద ఏ సూచనా లేకుండానే ఈసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు జీర్ణనాళపు గోడలో చేరి వాపు కలిగిస్తాయి. అది పేగుల్లో ఉంటే కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. గొంతు నుంచి కడుపులోకి ముద్ద దిగే గొట్టమైన అన్నవాహికలో ఉంటే ముద్ద ఛాతీ దగ్గర ఆగినట్టు అనిపిస్తుంది; ఈ జబ్బును ఈసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అంటాం. ముద్దముద్దకూ నీళ్లు తాగుతూ, సులువుగా దిగుతుందని పెరుగన్నంతో సరిపెట్టుకునేవారు దాన్ని తమ అలవాటే అనుకుంటారు గానీ జబ్బనుకోరు.

అపోహ: రొయ్యలు, పీతలు మానేస్తే చాలు.

వాస్తవం: సముద్రం పక్కనున్న ఊరు కనుక మన అనుమానం మొదట రొయ్యల మీదికి, ఆ తరువాత పాపం వంకాయ మీదికి పోతుంది. తిన్న కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు వచ్చే అలర్జీకి రొయ్యలు కారణం కావచ్చు. అయితే అన్నవాహికలోని ఈ వాపుకు ఎక్కువగా కారణమయ్యేవి పాలు, ఆ తరువాత గోధుమ. గుడ్లు, సోయా, గింజపప్పులు, చేపలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. వాపు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి, రోజూ తాగే టీలోని పాలనో, సులువుగా దిగుతుందని తినే ఆ పెరుగన్నాన్నో ఎవరూ అనుమానించరు.

అపోహ: చర్మ పరీక్ష చేస్తే పడనిదేదో తేలిపోతుంది.

వాస్తవం: ఆ పరీక్ష వెంటనే వచ్చే అలర్జీకి పనికొస్తుంది గానీ, ఇక్కడ నమ్మదగినది కాదు. ఎండోస్కోపీలో అన్నవాహిక మామూలుగానే కనిపించవచ్చు కనుక దాని లోపలి పొర నుంచి కనీసం 6 చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఒక్క హై పవర్ ఫీల్డ్‌లో, అంటే సూక్ష్మదర్శినిలో బాగా పెద్దది చేసి చూసినప్పుడు ఒకసారికి కనిపించే మేరలో, 15 లేదా అంతకన్నా ఎక్కువ ఈసినోఫిల్స్ కనిపించి, ఇతర కారణాలేవీ లేవని తేలితేనే నిర్ధారిస్తాం. అనుమానమున్న ఆహారాన్ని కొన్ని వారాలు మాన్పించి, మళ్లీ ముక్క పరీక్ష చేసి, ఆపైన ఒక్కొక్కటే తిరిగి తినిపించి చూడడమే దోషిని పట్టే దారి.

అపోహ: రక్తంలో ఈసినోఫిల్స్ పెరిగితే ఇదే జబ్బు.

వాస్తవం: దగ్గినా తుమ్మినా 'ఈస్నోఫీలియా' అనడం మనకు అలవాటు. ఈ జబ్బున్నా రక్తంలో ఆ లెక్క మామూలుగా ఉండవచ్చు. కొంకి పురుగుల వంటివి పేగుల్లో ఉంటే జబ్బు లేకపోయినా పెరగవచ్చు. ముఖ్యంగా స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు ఉన్నవారికి వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్రలిస్తే అది ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, పాదాలకు చెప్పుల్లేకుండా పొలం పనులు చేసేవారికి ముందుగా ఆ పురుగు ఉందేమో పరీక్ష చేయకుండా స్టెరాయిడ్లు మొదలుపెట్టను.

అపోహ: మందులకు దీనితో సంబంధం లేదు.

వాస్తవం: కొన్ని మందులు కూడా పేగుల్లో ఇలాంటి వాపు తెస్తాయి, అందుకే వాడుతున్న మాత్రల షీట్లన్నీ తెమ్మంటాను. డాక్సీసైక్లిన్ మాత్రను నీళ్లు లేకుండా మింగినప్పుడు అన్నవాహికలో పడే పుండు మాత్రం అలర్జీ కాదు, మాత్ర అంటుకుని కాల్చిన గాయం.

అపోహ: ముందు పాలు మానేసి చూసి, తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లవచ్చు.

వాస్తవం: పథ్యంతో వాపు తగ్గిపోతే ముక్క పరీక్షలో ఆధారం దొరకదు. ఎండోస్కోపీ అయ్యేదాకా ఎప్పటిలాగే తినండి.