పత్తిలో బాలకార్మికులు: అపోహలు - వాస్తవాలు

విశాఖ పక్కన అచ్యుతాపురం కుట్టు యూనిట్లకు బట్ట ఎక్కడెక్కడి నుంచో వస్తుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు అడిగితే వినిపించే మాటలివి.

అపోహ: మా ఫ్యాక్టరీలో పిల్లలు లేరు, ఇక మాకేం సంబంధం?

వాస్తవం: పిల్లలు ఉండేది మిషన్ల దగ్గర కాదు, విత్తనం పండే చేలో. నంద్యాల, గద్వాల వైపు సీడ్ పత్తిలో, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం పండించే పత్తిలో, క్రాసింగ్ (రెండు రకాల పూలను కలపడం) అంతా చేతిపనే. రేపు విచ్చే మొగ్గను సాయంత్రమే ఎంచి, బొటనవేలి గోరుతో రేకులూ కేసరాలూ ఒలిచేస్తారు. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి పుప్పొడి అద్దుతారు. ఒక మగపువ్వు నాలుగైదు ఆడపువ్వులకు సరిపోతుంది. గోరు లోతుగా దిగితే కాయ రాలిపోతుంది. కేసరం మిగిలితే విత్తనం కల్తీ అవుతుంది. పురుగుమందు కొట్టిన చేలో ఈ పని వారాల తరబడి రోజూ సాగుతుంది.

అపోహ: చిన్న వేళ్లకే ఆ పని కుదురుతుంది.

వాస్తవం: పెద్దవాళ్లు చక్కగా చేస్తారు. పిల్లల్ని పెట్టేది కూలి తక్కువని. సీడ్ సాగు ఖర్చులో పెద్ద వాటా కూలిదే. విత్తన కంపెనీ రైతుకిచ్చే ధరలో పెద్దల కూలి గిట్టకపోతే, ఆయన చేత ఎన్ని హామీ పత్రాల మీద సంతకం పెట్టించినా వృథా. ధర మాటెత్తని కంపెనీ ప్రచారాన్ని మేం నమ్మం.

అపోహ: బడయ్యాక సొంత చేలో సాయం చేస్తే తప్పులేదు.

వాస్తవం: బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ కుటుంబానికి సాయపడొచ్చు, అదీ ప్రమాదం లేని పనైతేనే. పుప్పొడి అద్దేది సరిగ్గా బడి గంట కొట్టే పూటే! అందుకే ఆడిటర్ ఉదయాన్నే చేనుకెళ్లాలి, బడి హాజరు పట్టీ కూడా చూడాలి. అమ్మానాన్నలు తీసుకున్న అడ్వాన్సుకు పిల్లలు పనిచేస్తుంటే అది వెట్టిచాకిరీ, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వర్తిస్తుంది.

అపోహ: నూలుకు సర్టిఫికెట్ ఉంటే చాలు.

వాస్తవం: గింజ తీసే జిన్నింగ్ మిల్లులో ఎందరో రైతుల పత్తి ఒకే కుప్పలో కలుస్తుంది. నూలు వడికే స్పిన్నింగులో మళ్లీ కలుస్తుంది. కాబట్టి బేళ్ల (దూది మూటల) లాట్ నంబర్లు అడగండి, లెక్క కట్టండి. మన బేలు 170 కిలోలు, పది బేళ్లంటే 1,700 కిలోల దూది. వ్యర్థం పోగా మామూలు (కార్డెడ్) నూలు 1,450 కిలోలకు అటూఇటూ వస్తుంది. కాగితం మీద 2,000 కిలోల నూలుంటే బయటి దూది కలిసినట్టే.

అపోహ: కొనడం మానేస్తే సమస్య తీరుతుంది.

వాస్తవం: ఉజ్బెకిస్తాన్‌లో ప్రభుత్వమే పిల్లల్ని, తర్వాత టీచర్లను, నర్సులను పత్తి తీతకు తోలింది. 300కు పైగా కంపెనీలు ఆ పత్తి వాడబోమని ప్రతిజ్ఞ చేశాయి. ప్రభుత్వ విధానం మారాక, 2022 మార్చిలో బహిష్కరణ పిలుపు ఎత్తేశారు. అక్కడ బలవంతపెట్టింది ప్రభుత్వం, ఇక్కడ పేదరికం. మనం ఆర్డరు తెంచుకుంటే ఆ పిల్ల ఇంకో చేనుకు పోతుంది. ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లను బడిలో చేర్పించి, ఆ పని అదే ఇంట్లోని పెద్దవాళ్లకు పూర్తి కూలితో ఇప్పించండి. మరుసటి సీజన్‌లో క్రాసింగ్ మొదలవగానే మళ్లీ వెళ్లి చూడండి.