షుగర్ తగ్గించే మందు ఒళ్లెందుకు పెంచుతుంది?

పయోగ్లిటజోన్ వాడేవాళ్లలో చాలామందికి షుగర్ అదుపులోకి వస్తుంది, బరువు మాత్రం పెరుగుతుంది. ఒళ్లు పెరిగితే షుగర్ ముదరాలి కదా? ఈ సందేహానికి జవాబు మొదట్లో మందు తయారుచేసినవాళ్ల దగ్గరా లేదు. గ్లిటజోన్లు అనే ఈ మందుల కుటుంబంలో మొదటిదైన సిగ్లిటజోన్ 1980ల ఆరంభంలో జపాన్‌లోని టకెడా సంస్థ నుంచి వచ్చింది. ఎలుకల్లో పనిచేస్తుందని తెలుసు గానీ, కణంలో దేన్ని పట్టుకుంటుందో తెలియదు. జవాబు దొరికింది వేరే దారిలో: కొవ్వు కణం ఎలా తయారవుతుందన్న ప్రశ్న వెంట వెళ్లినవాళ్లకు.

1970ల మధ్యలో హోవార్డ్ గ్రీన్ బృందం ఎలుక పిండం నుంచి వచ్చిన కణాల్లో 3టీ3-ఎల్1 అనే రకాన్ని వేరుచేసింది. గాజుపాత్ర నిండా పెరిగి విభజన ఆపేసిన ఈ కణాలకు ఇన్సులిన్, డెక్సామెథసోన్, ఐబీఎంఎక్స్ అనే మూడు పదార్థాలను కలిపి ఇస్తే, సాగినట్టుండే కణాలు వారం పదిరోజుల్లో గుండ్రబడి, లోపల నూనె బొట్లు కడతాయి. ఆయిల్ రెడ్ రంగు వేస్తే ఆ బొట్లు ఎర్రగా తేలతాయి. డీఎన్ఏలో ఒక్క అక్షరమూ మారదు, పనిచేసే జన్యువులే మారతాయి. మార్చేదెవరు?

డీఎన్ఏ మీద కూర్చుని జన్యువులను నడిపే ప్రోటీన్లు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. వాటిలో మయోడీ అనే ఒక్కటి మామూలు కణాలను కండర కణాలుగా మార్చగలదని 1987లో తేలడంతో, కొవ్వుకూ అలాంటిది ఉంటుందన్న ఆశ బలపడింది. బోస్టన్‌లో బ్రూస్ స్పీగెల్‌మన్ ప్రయోగశాల కొవ్వు కణంలో బాగా పనిచేసే ఏపీ2 జన్యువును పట్టుకుంది. జన్యువు మొదలయ్యే చోటుకు దాదాపు 5,400 అక్షరాల ముందున్న చిన్న ముక్క లేకపోతే అది కొవ్వులో పనిచేయదు. ఆ ముక్క మీద కూర్చునేదెవరని అదే ప్రయోగశాలలోని పీటర్ టోంటొనోజ్ వెతికితే, 1994లో పీపార్-గామా అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ దొరికింది. దాన్ని ఫైబ్రోబ్లాస్టులనే మామూలు కణాల్లో పెడితే అవి కొవ్వు కణాలయ్యాయి. ఒక జన్యువు పక్కనున్న చిన్న ముక్కను వదలకుండా పట్టుకున్న ఆ ఓపికే ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది.

మరుసటి ఏడాదే గ్లాక్సో శాస్త్రవేత్తలు గ్లిటజోన్లు అంటుకునేది సరిగ్గా ఈ పీపార్-గామాకేనని చూపించారు.

ఆ తర్వాత వరస స్పష్టమైంది. ఆ మూడు పదార్థాల సంకేతం అందిన కొన్ని గంటల్లోనే సీ/ఈబీపీ-బీటా, డెల్టా అనే మరో రెండు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు లేచి, ముడుచుకున్న డీఎన్ఏను తెరవడంలో పాలుపంచుకుంటాయి. అవి పీపార్-గామాను, తమ కుటుంబంలోదే అయిన సీ/ఈబీపీ-ఆల్ఫాను లేపుతాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి, అందుకే మొదటి సంకేతం ఆగిపోయినా కణం వెనక్కి తిరగదు. అయితే ఇద్దరూ సమానం కాదు. ఆల్ఫా లేకున్నా పీపార్-గామా కొవ్వు కణాన్ని తయారుచేయగలదు, గామా లేకుండా ఆల్ఫా చేయలేదని 2002లో తేలింది. 2008లో జన్యుపటం మొత్తం వెతికితే, గామా కూర్చున్న వేల చోట్లలో చాలావాటి పక్కనే ఆల్ఫా కూడా కనిపించింది.

మొదటి సందేహం తీర్చింది మాత్రం మనుషులే. పీపార్-గామా జన్యువు చెడిన కొందరిలో కాళ్లూ చేతుల్లో కొవ్వు పలచబడుతుంది, అయినా ఇన్సులిన్ పనిచేయక తీవ్రమైన షుగర్ వస్తుంది. దాచుకునే చోటు లేని కొవ్వు కాలేయంలో, కండరాల్లో చేరడం ఇందుకు ముఖ్య కారణం. గ్లిటజోన్ చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: చర్మం కింద కొత్త కొవ్వు కణాలను పెంచి, కాలేయం మీది భారాన్ని అటు మళ్లిస్తుంది. బరువు పెరిగినా షుగర్ తగ్గేది అందుకే.

పెరిగిన బరువంతా కొవ్వు కాదు, కొంత నీరు. పీపార్-గామా మూత్రపిండాల్లోనూ ఉంటుంది కాబట్టి మందు ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలుపుతుంది. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. ఎముక మజ్జలోనూ అదే ప్రోటీన్ ఉంది. ఎముక కావలసిన కణాలు కొవ్వు వైపు మళ్లి, ముఖ్యంగా మహిళల్లో ఎముకలు విరిగే ముప్పు పెరుగుతుంది. అందుకే 2010 నుంచి పరిశోధకుల్లో కొందరు పీపార్-గామాను పూర్తిగా లేపకుండా, దాని మీద ఒక చోట ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్క అంటుకోకుండా మాత్రమే ఆపే అణువుల మీద పనిచేస్తున్నారు.