ఆలోచింపజేసే పాఠం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ముందు పాఠమంతా నోటికి రావాలి. ఆలోచన ఆ తర్వాతి మాట.

వాస్తవం: 1956లో అమెరికా విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం బోధన లక్ష్యాలను ఆరు స్థాయిలుగా విభజించింది. 2001 సవరణలో అవి గుర్తుంచుకోవడంతో మొదలై సృజించడంతో ముగుస్తాయి. చాలాచోట్ల వాటిని పిరమిడ్ బొమ్మగా చూపిస్తారు. దాంతో కింది మెట్టు పూర్తయ్యేదాకా పైమెట్టు ఎక్కకూడదన్న నమ్మకం పాతుకుపోయింది. తరగతిలో నేర్చుకోవడం అంత వరుసగా సాగదు.

లెక్కల పాఠమే తీసుకోండి. "పొడవు 8, వెడల్పు 4 సెంటీమీటర్లు. చుట్టుకొలత ఎంత?" అంటే 24 అని చెప్పి పుస్తకం మూసేస్తారు. తిప్పి అడగండి: "చుట్టుకొలత 24 ఉండే దీర్ఘచతురస్రాలు గీయండి. దేని వైశాల్యం ఎక్కువ?" ఒకరు 11, 1 కొలతలతో గీస్తే వైశాల్యం 11 వస్తుంది. 7, 5 తీసుకున్నవారికి 35. ఎవరో 6, 6 గీసి 36 అనగానే చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనా అని వాదన మొదలవుతుంది. ఆ వాదనను దయచేసి ఆపకండి, అసలు పాఠం అక్కడే ఉంది. ఇంతలో ఒకరు 6.5, 5.5 వేసి చూస్తారు. వేసిన ప్రతిసారీ సూత్రం వాడాల్సిందే కాబట్టి దాన్ని విడిగా వల్లె వేయించనక్కర్లేదు.

అపోహ: "విశ్లేషించండి", "ఎందుకు" అని అడిగితే అది ఉన్నతస్థాయి ప్రశ్నే.

వాస్తవం: జవాబు ముందే నోట్సులో రాయించి ఉంటే, ఎలా అడిగినా పిల్లలు చేసేది గుర్తుచేసుకోవడమే. ప్రశ్న వాళ్లకు కొత్తదై ఉండాలి.

అపోహ: సృజన అంటే బొమ్మలు, చార్టులు.

వాస్తవం: పుస్తకంలోని బొమ్మను చార్టు మీదికి ఎక్కిస్తే అది నకలే. ఒకే లెక్కకు రెండో దారి వెతకడం సృజన.

అపోహ: ఇవన్నీ చురుకైన పిల్లలకే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించే మాట ఇదే. చాలామంది ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తన పరిశోధనల్లో చూపారు. కనీసం 3 సెకన్లు ఆగిన తరగతుల్లో జవాబుల నిడివి పెరిగింది. నెమ్మదిగా నేర్చుకుంటారని ఉపాధ్యాయులు అనుకున్న పిల్లలూ ఎక్కువగా నోరు విప్పారు. ఆ వ్యవధి ఇవ్వకుండా "వీళ్లకు రాదు" అనడం అన్యాయం.

మొదటి జవాబు రాగానే "కరెక్ట్" అనేస్తే మిగతావారి ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. "ఇంకెవరైనా మరోలా చేశారా?" అని అడిగి, మళ్లీ ఆగండి.