‘ఏజెన్సీ’ అన్న మాట వెనక

చింతపండు, అడ్డాకులు మోసుకుని సంతకి దిగే సవరల్ని పర్లాకిమిడిలో మన తెలుగువాళ్లం ‘ఏజెన్సీ వాళ్లు’ అంటాం. ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు. మన తాతలు పెట్టిందీ కాదు. దాని మూలాలు కొండల మీదికి పటాలాలు ఎక్కించిన ఒక ఈస్టిండియా కంపెనీ అధికారి నివేదికల్లో ఉన్నాయి.

1832 చివర్లో మద్రాసు ప్రభుత్వం రెవెన్యూ బోర్డు సభ్యుడు జార్జి ఎడ్వర్డ్ రస్సెల్‌ని గంజాం, విశాఖపట్నం జిల్లాలకు ప్రత్యేక కమిషనరుగా పంపింది. అతని చేతికి సైన్యాన్నీ, మార్షల్ లా అధికారాన్నీ ఇచ్చింది. అప్పటికే పర్లాకిమిడి జమీందారీ పెత్తనం తగాదాలతో రగులుతోంది. కనుమలు కాసే కొండ నాయకులైన బిసాయిలు కంపెనీకి లొంగలేదు. దిగువన పాలకొండ జమీందారీని సర్కారు జప్తు చేసింది.

కిమిడి తర్వాత గంజాం జిల్లాలోనే ఉన్న గుంసూరు లేచింది. కప్పం బకాయి పడిన గుంసూరు రాజా ధనుంజయ భంజ, కోదులనే గిరిజనుల కొండల్లో తలదాచుకుని, 1835 డిసెంబరు 31న అక్కడే కన్నుమూశాడు. తన కుటుంబాన్ని కంపెనీకి పట్టివ్వబోమని ఆయనకు కోదులు మాటిచ్చారు. 1836లో ఆ కుటుంబాన్ని పట్టుకుని కొండ దింపుతున్న దళం మీద పడి ఇద్దరు ఆంగ్ల అధికారుల్నీ, సిపాయిల్నీ చంపారు. సర్కారు దాన్ని తిరుగుబాటు అంది. నాకది ఇచ్చిన మాట నిలబెట్టుకోవడంగానే కనిపిస్తుంది. ఆ తర్వాత కోదుల ఊళ్లు తగలబడ్డాయి. మన్యం జ్వరం సైన్యాన్నీ వదల్లేదు. కోదుల నాయకుడు దొర బిసాయిని 1837లో అంగుల్ రాజు పట్టించాడు. చివరికి బిసాయి మద్రాసు ప్రెసిడెన్సీలో నిర్బంధంలోనే పోయాడు.

మామూలు కోర్టులూ, శిస్తు చట్టాలూ ఈ కొండల్లో పనికిరావని రస్సెల్ తేల్చాడు. దాన్నిబట్టే 1839లో 24వ చట్టం వచ్చింది. కొండ ప్రాంతానికి కలెక్టరే గవర్నరుగారి ఏజెంటు అయ్యాడు. ఆ ఏజెంటు ఏలుబడే ఏజెన్సీ. రస్సెల్ నివేదికలను 1856లో మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది.

ఇదే పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే పుస్తకాలు రాశారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది. పక్కనున్న పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. హద్దుకి రెండు పక్కలా తెలుగువాళ్లు సవరల్ని ఇవాళ్టికీ ఏజెన్సీ వాళ్లనే అంటున్నారు.